ఎస్.కోటలో దిగిన బ్యాగు

నేను ఒక ట్రెక్కింగ్ బ్యాగును. అరవై లీటర్లు పడతాను. ముదురాకుపచ్చ రంగు, నడుముకి ఒక బెల్టు, నెత్తిన టోపీలాంటి ఒక అర. బెంగళూరు శివారులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా పట్టీలు కుట్టినావిడ ఏ కొండా ఎక్కి ఎరగదు. ఇంటికెళ్ళాక నీళ్ళ బిందెలతో మేడమెట్లు ఎక్కేది. బరువంటే ఏమిటో తెలిసిన చెయ్యి కనక కుట్టు గట్టిగా పడింది. చివర్లో ఎవరో వచ్చి నా మెడలో "జీవితకాలం గ్యారంటీ" అని ఒక చీటీ కట్టారు. ఎవరి జీవితకాలమో అందులో రాయలేదు. మనుషుల గ్యారంటీలన్నీ ఇలాగే ఉంటాయని తర్వాత తెలిసింది.

నన్ను విశాఖపట్నంలో కొన్నవాడు భానోజీ. అందరూ ఎస్.కోట అనే శృంగవరపుకోట దగ్గర ఒక హైస్కూల్లో ఆటల మాస్టారు. పెళ్ళయిన కొత్తలో నన్ను భార్య హైమ చేతిలో పెట్టి, "మనిద్దరికీ ఒకటే బ్యాగు. నీవీ నావీ అని వేరే ఉండకూడదు" అన్నాడు. ఆమె మురిసిపోయింది. అబద్ధమెందుకు, నేనూ మురిశాను. అప్పట్నుంచీ సెలవు దొరికితే చాలు, కొండలే. అడుగున అతని బట్టలు, మధ్యలో బియ్యం, పప్పు, గిన్నె, ఆవకాయ డబ్బా, పైన ఆమె బట్టలు. ఎక్కేటప్పుడు అతను మోసేవాడు, దిగేటప్పుడు ఆమె. ఓసారి డబ్బా మూత జారి నూనె కారింది. ఆ మచ్చ ఇప్పటికీ నా పొట్టమీద ఉంది.

హైమ రొయ్యల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేసేది. నార్వేలో ఒక చేపల కంపెనీ ఆమెకి ఉద్యోగమిచ్చింది. దానికి ముందు ఇంతకంటే మంచిది ఇంకో దేశంలో వస్తే, మొగుణ్ణి వెంట తెచ్చుకునే వీల్లేదన్నారని వదులుకుంది. ఈసారి ఇద్దరికీ వీసాలొచ్చాయి. ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. తనూ ఇచ్చేశానన్నాడు భానోజీ. అక్కడి మంచుకొండల మీద గుడారం ఎక్కడ వెయ్యాలో కూడా చెప్పేవాడు. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అని మీరే అంటారు కదా! విమానం ఎక్కేలోగా మన కొండల్ని ఆఖరిసారి చూసొద్దామని బయల్దేరారు. లంబసింగి, అరకు చూసుకుని ఒడిశాలోని దేవ్‌మాలి కొండకి చేరాం.

ఆ కొండమీద ఒక్కచోటే ఫోన్ పలికేది. హైమ ఊట దగ్గర నీళ్ళు పట్టుకుంటోంది. భానోజీ నన్ను పక్కన పెట్టుకుని హెడ్మాస్టరుకి ఫోన్ చేశాడు.

"లేదండి మాస్టారూ, రాజీనామా ఏటీ లేదండి. సెలవే పెట్టేను. సోమవారం వొచ్చెస్తాను. వాలీబాల్ పోటీలకి పిల్లల్ని నేనే తీసుకెల్తానండి."

నా గుండె ఆగిపోయింది అని రాయాలని ఉంది గాని, నాకున్నది జిప్పు. హైమ నీళ్ళతో వచ్చి, "ఎవరు?" అంది. "స్కూలోలు. సుఖంగా ఎల్లి రమ్మంతన్నారు" అన్నాడు. ఆమె తడిచేతులు అతని చొక్కాకే తుడుచుకుని నవ్వింది. నాకు నోరుంటే అప్పుడే అరిచేవాణ్ణి.

మర్నాడు కింద సంతకి వెళ్ళొస్తూ అతను చవకరకం భుజం సంచి ఒకటి కొన్నాడు. ఎందుకని హైమ అడిగితే, "ఎగస్ట్రాగా ఉంటాది" అన్నాడు. చల్లకొచ్చి ముంత దాచడమంటే అదే. ఆ సాయంత్రం ఆమె చూడకుండా ఒక ప్యాంటు నా అడుగునుంచి తీసి ఆ సంచిలో పెట్టుకున్నాడు. పొద్దున్న రెండు చొక్కాలు, తర్వాత తువ్వాలు, ఆఖరికి షేవింగు సామాను. బ్యాగుకి మనిషి మనసు తెలియదంటారు, బరువు తెలుస్తుంది. అతను వెళ్ళిపోతున్న సంగతి అతని పెళ్ళాం కంటే ముందు నాకు తెలిసింది. ఆమె అడగనైతే అడిగింది. దిగేటప్పుడు నన్ను వీపున వేసుకుని బెల్టు బిగించుకుంటూ, "ఏటిది, ఇంత తేలిగ్గా ఉంది?" అంది. "బియ్యం, పప్పు అయిపోనాయి కదా" అన్నాడు. "కాదు, నా బరువు తగ్గించాలని సగం నువ్వే మోస్తన్నావు. నాకు తెల్దనుకున్నావా?" అని అతని భుజం తట్టింది. ఆ తట్టిన చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

తిరుగు ప్రయాణం విశాఖ ప్యాసింజర్లో. సొరంగాలన్నీ దాటి ఎస్.కోట చేరేసరికి, ఎదురుగా ఇనపరాయి కోసం వెళ్ళే ఖాళీ గూడ్సు రావాలని మా బండిని ఆపేశారు. భానోజీ లేచి సంత సంచి తగిలించుకున్నాడు.

"టీయా? నాకూ తే" అంది హైమ.

"నేనిక్కడ దిగిపోతాను హైమా."

"ఎల్లుండి ఫ్లైటెట్టుకుని స్కూల్లో పనేటి?"

"నువ్వెల్లు. నేను రాలేను. రాజీనామా ఇవ్వలేదు."

హాస్యమనుకుని నవ్వబోయింది. అతని మొహం చూసి మానేసింది.

"ఇక్కడ ఊరంతా నన్ను మాస్టారూ అంటాది. అక్కడ నేనెవుణ్ణి? నువ్వు పనికెల్తే కిటికీలోంచి మంచు చూసుకుంటూ కూకోవాలా?"

"ఈ మాట మొదట్లో సెప్పడానికేటి?"

"సెప్తే నువ్వాగిపోదువు. నీకోసమే సెప్పలేదు."

"ఆగుదునో, ఎల్దునో, అది నేను సూసుకుందును. ఆ వీలు కూడా లేకుండా సేసీసి నాకోసమంటావేటి?"

అతను బండి దిగాడు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సీటుమీద దుప్పటి పరిచి నన్ను బోర్లించింది. ఆమె బట్టలు, గిన్నె, ఆవకాయ డబ్బా అన్నీ దానిమీద పడ్డాయి. ఎదురు సీట్లో పనసకాయలతో కూచున్న ముసలమ్మ ఏమీ అడక్కుండా, మూట ముడి జారకుండా వేలు పెట్టి పట్టుకుంది. హైమ నన్ను తలుపు దాకా తీసుకెళ్ళి, ప్లాట్‌ఫారమ్మీదున్న అతని చేతుల్లోకి తోసింది.

"ఇద్దరికీ ఒకటే అన్నావు కదా. ఇది నాకొద్దు."

గూడ్సు వెళ్ళింది, బండి కదిలింది. ఆమె తలుపు దగ్గర నిలబడలేదు. అతను మాత్రం నన్ను పొట్టకి హత్తుకుని, బండి కనబడినంతవరకూ నిలబడ్డాడు. పరిగెత్తితే అందేది. ఆటల మాస్టారు కదా, పరుగు రాకపోవడమేం!

ఇప్పుడు నేను ఆ హైస్కూల్లో ఆటసామాను గదిలో మేకుకి వేలాడుతున్నాను. హెడ్మాస్టరుగారు అప్పుడప్పుడు వచ్చి, "మరి మీ ప్రయాణమెప్పుడు మాస్టారూ?" అని అడుగుతారు. "పేపర్లింకా అవ్వాలండి" అంటాడు భానోజీ. వీసా వేసిన పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉంది. నన్ను ఎప్పుడూ వీపుకెత్తుకోడు. నా బెల్టు ఇంకా హైమ నడుము కొలతకే బిగించి ఉంది. ఒకసారి వదులు చెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మైదానానికి వెళ్ళేటప్పుడు నాలో వాలీబాల్ బంతులు కుక్కి, పిల్లి కూనని పట్టుకున్నట్టు మెడ పట్టుకుని తీసుకుపోతాడు.

చూసినవాళ్ళు అబ్బో, ఎంత నిండుగా ఉందో అంటారు. బంతుల్లో ఉండేది గాలే కదా.