ఊపిరికి కదిలిన గోళీ

పొగగొట్టం నిలబడుతుందా, కూలుతుందా? మధ్యాహ్నం ఒంటిగంటకు ఆస్పత్రి మేడ మీద నా ముందున్న ప్రశ్న అదొక్కటే.

మూతపడిన ఫ్యాక్టరీ తాలూకు ఇటుకల గొట్టం అది. ఆస్పత్రికి డెబ్బై అడుగుల దూరం. పొద్దున పక్క స్థలంలో పునాది తవ్వుతున్న యంత్రం దాని మొదలుకు తగిలింది. మా మేడ ఎత్తున, గొట్టం నడుము దగ్గర సన్నటి చీలిక పడింది. ఇంజినీర్‌ని కాబట్టి నాకు కబురొచ్చింది.

నడవగలిగిన రోగులనూ, మోయగలిగిన రోగులనూ పదకొండింటికల్లా పంపించేశాం. మిగిలింది రెండో అంతస్తులో, నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెల్లో ఉన్న తొమ్మిది మంది పసికందులు. మూడో పెట్టెలో ఉన్నది మా అక్క కూతురు. పుట్టి నాలుగు రోజులు. బరువు తొమ్మిది వందల గ్రాములు.

"ఇప్పుడు కదిపితే ఇద్దరు ముగ్గురు దారిలోనే పోవచ్చు," అంది డాక్టరమ్మ. "గొట్టం కదులుతోందని తేల్చి చెప్పండి, దింపేస్తాను. కదలట్లేదంటే ముట్టుకోను. 'ఏమో' అని మాత్రం అనకండి."

నా దగ్గరున్న జవాబు సరిగ్గా అదే. కొలిచే యంత్రం వచ్చేసరికి సాయంత్రం అయిదవుతుంది. బైనాక్యులర్‌లో చూస్తే మసి పట్టిన ఇటుకల మీద నల్లటి గీత. పెరుగుతోందో లేదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. దాని మీద ఇంత పసుపు రంగు పడితే చాలు. ఎండకు కాలిన ఇటుక మీద రంగు త్వరగా బిగుస్తుంది. చీలిక వెడల్పయిందా, రంగు చిరిగి లోపలి నలుపు బయటపడుతుంది. కానీ ఆ గొట్టం ఎక్కి పూసేదెవరు?

అప్పుడు కనబడింది, రోడ్డు అవతల, రంగు గోళీల గన్నులతో ఆడుకునే పెయింట్‌బాల్ మైదానం బోర్డు.

పావుగంటలో మైదానం ఓనరు మూడు గన్నులతో మేడెక్కాడు. వెనకే చేతిసంచీతో ఒకామె. యాభై ఏళ్లుంటాయి. ఆడి వెళ్లిపోయినవాళ్ల గన్నుల గొట్టాలు కడగడం ఆమె పని. అందుకే అందరూ గొట్టాలమ్మ అంటారట.

"మా నీళ్ల రంగు ఆరదు సార్, కారిపోతుంది," అన్నాడు ఓనరు. "చెట్లకు గుర్తులేసే నూనె రంగు గోళీలు ఈమె దగ్గరున్నాయి. వాళ్ల నాన్న అడవిలో అదే పని చేసేవాడు."

ఆమె సంచీలోంచి డబ్బా తీసింది. అందులో మూడే గోళీలు.

ఓనరు బ్యాటరీ గన్ను ఎత్తాడు. "సెకనుకు పదిహేను గోళీలు సార్! నా మైదానంలో దీన్ని మించింది లేదు."

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం," అంది గొట్టాలమ్మ. "అవి పాత గోళీలు బాబూ. పెంకు పెళుసెక్కింది. ఆ మర తోసే తోపుకి లోపలే చితుకుతాయి."

"నువ్వు కడుగు, నేను కాలుస్తా. ఎవరి పని వాళ్లది."

పెద్ద గన్ను కదా అని నేనూ తలూపాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. ఓనరు మీట నొక్కాడు. టప్‌మంది. గన్ను మూతిలోంచి పసుపు రంగు కారి అతని బూట్ల మీద పడింది.

"నీ గురి అమోఘం బాబూ," అందామె. "బూటుకి సరిగ్గా తగిలింది."

ఇంక రెండే. నేను గ్యాసు గన్ను చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "గ్యాసు ఒకసారి చల్లగా, ఒకసారి వేడిగా ఉంటది నాయనా. దెబ్బ దెబ్బకీ జోరు మారుద్ది. మనకున్నది ఒక్క దెబ్బే."

మిగిలింది చేత్తో గాలి నింపే పంపు గన్ను. ముందుకూ వెనక్కూ లాగితే ఒక్క గోళీ ఎక్కుతుంది, ఒక్కటే వెళ్తుంది. పిల్లలు కూడా ముట్టరని ఓనరు దాన్ని మూలన పడేశాడట.

ఆమె దాని గొట్టం విప్పింది. ఒక గోళీ వేసింది. మూతిలోనే ఇరుక్కుంది. "తేమకి ఉబ్బింది. ఇది పనికిరాదు." చివరిది వేసింది. అది జారి అటువైపు అరచేతిలో పడింది. "దీనికి ఈ గొట్టం వదులు. గాలి పక్కల్నుంచి పోద్ది, గోళీ వంకర తిరుగుద్ది."

నేను ఖాళీ డబ్బా తిరగేసి దులిపాను. ఆమె మాత్రం సంచీలోంచి గుడ్డలో చుట్టిన ఇంకో గొట్టం తీసింది. గోళీ వేసింది. అది ఆగింది. కిందికి వంచినా జారలేదు. ఆమె గొట్టం పెదాలకు ఆనించి, పాలగ్లాసు మీద మీగడ తొలగించినంత మెల్లగా ఊదింది. గోళీ తొణక్కుండా బెణక్కుండా కదిలి అరచేతిలో వాలింది.

"ఊపిరికి ఆగాలి, ఊపిరికి కదలాలి. గన్ను అంటే అంతే," అంది.

నలభై అంతస్తుల భవనాలకు లెక్కలు కట్టినవాణ్ణి. అంత నిక్కచ్చి కొలత నేనెప్పుడూ చూడలేదు.

దెబ్బకు ఇటుక కదలకూడదని గన్ను మర తిప్పి జోరు తగ్గించింది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించింది. గాలి ఆగేదాకా ఆగింది. పంపు లాగింది. ఠక్!

పసుపు గోళీ గాల్లో తిన్నగా వెళ్లడం కంటితో చూశాను. నల్లటి గొట్టం మీద, చీలిక నడిమధ్యన, పసుపు పువ్వు విచ్చుకుంది.

ఒంటిగంట యాభై. రంగు నిండుగా ఉంది. రెండుంపావు. నిండుగానే ఉంది. ఊపిరి పీల్చుకోబోయాను.

రెండూ ఇరవై అయిదుకు పసుపులో వెంట్రుకంత నల్లగీత.

"గోళీ పెంకేమో," అన్నాను. అలా అవ్వాలనే నా ఆశ.

ఆమె బైనాక్యులర్ అందుకుంది. "పెంకయితే వంకరగా అంటుకుంటది. ఇది ఇటుకల సందు పట్టుకొని మెట్లు మెట్లుగా దిగుతోంది. పరుగెత్తు నాయనా!"

మెట్లు ఎలా దిగానో తెలియదు. "కదులుతోంది!" అన్నాను. డాక్టరమ్మ ఇంకో మాట అడగలేదు. తొమ్మిది పెట్టెలు, తొమ్మిది ఆక్సిజన్ సిలిండర్లు. అక్క మూడో పెట్టె పట్టుకుని నడుస్తూ, "ఒరేయ్, ఖాయమేనా?" అంది. "ఖాయమే అక్కా," అన్నాను. నా జన్మలో అంత బరువైన మాట అనలేదు.

చివరి అంబులెన్సు మలుపు తిరిగేసరికి మూడూ పది. మూడున్నరకు గొట్టం నడుము దగ్గర మడత పడింది. ముందు చప్పుడే లేదు. పసుపు మచ్చ రెండుగా విడిపోయి, పై ముక్క మెల్లగా పక్కకు జరిగింది. తర్వాత ఆకాశం ఒరిగినట్టు మొత్తం ఒరిగి, ఆస్పత్రి రెండో అంతస్తులోకి దిగబడింది. వీధి చివర నిలబడ్డ మేమంతా దుమ్ములో తెల్లబడిపోయాం.

అవతలి ఆస్పత్రిలో డాక్టరమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. తొమ్మిది.

సాయంత్రం గొట్టాలమ్మ వచ్చింది. చంకలో పంపు గన్ను. "మా ఓనరు దీన్ని అద్దాల బీరువాలో పెడతాడంట, కడక్కుండానే. లాక్కొచ్చా." మూడో పెట్టె దగ్గర ఆగింది. లోపల అరచేయంత ఛాతీ లేస్తోంది, దిగుతోంది.

ఆమె చాలాసేపు చూసింది. చేతిలోని గుడ్డతో గాజు మీద దారి దుమ్ము తుడిచింది.

"ఇంత ఊపిరి చాల్లే," అంది.