టవరు చెవులు

గురవమ్మ కొడుక్కి నేర్పిన జాగ్రత్త ఒక్కటే. "ఫోనులో సిగ్నలు గీతలున్నంత దూరమే పో. గీతలు పోతే తిరుక్కో." మొగుణ్ణి సముద్రం మింగిన నాటి నుంచి అది ఆ ఇంటి కట్టుబాటు. రానురాను ఊరంతా అదే పాటించింది. ముఖేష్ నవ్వేవాడు. "గీతలు చూసుకుంటా కూర్చుంటే వల ఎప్పుడేసేదిమా?" నవ్వాడే గాని ఏనాడూ దాటలేదు.

ఆ రోజూ దాటలేదు. గాలి తిరిగి పడవ బోల్తాపడింది. దాన్ని కరుచుకుని, మెడలో ప్లాస్టిక్ కవరులో వేలాడుతున్న ఫోనుతో తల్లిని పిలుస్తూనే ఉన్నాడు. గీతలు నిండుగా ఉన్నాయి. ఫోను మాత్రం కలవలేదు. చివరికి పట్టు తప్పి నీళ్లలోకి జారిపోయాడు. కూడా వెళ్లిన గణేష్ ఒక్కడే ఇంకో పడవ కంటబడి ఒడ్డుకు చేరి, ఈ సంగతి చెప్పాడు.

కర్మ అయిన మర్నాడు, ఊళ్లోని సెల్ టవరు బాగుచేసే టైటస్ అల్లూరు నుంచి వచ్చాడు. అతను టవరు ఎక్కి దిగేదాకా గురవమ్మ దాని కిందే కూర్చుంది.

"గీతలుండాయంట గదా నాయనా. మరి నా ఫోను ఎందుకు మోగలా?"

టైటస్ చేతులు తుడుచుకున్నాడు. "ఆ గీతలు టవరు అరుపవ్వా. దీనికి నాలుగు నోళ్లు, నాలుగు చెవులు. ఇది అరిస్తే సముద్రంలో శానా దూరం వినబడతాది. ఫోనుది చిన్న గొంతు. అంత దూరాన్నించి వచ్చేది పట్టుకోవాలంటే చెవులు బాగుండాల. ఉప్పుగాలికి అతుకులు తుప్పుపట్టినాయి. దీని అరుపే దీని చెవుల్లో గోల పెడతా ఉండాది."

"ఊళ్లో మాకు బాగానే మోగతాది గదా?"

"పక్కనే నిలబడి పిలిస్తే చెవిటోడికైనా వినబడతాది గదవ్వా."

"అయితే మావోడు పిలిచినాడు."

"పిలిచినాడు. దీనికి వినబళ్లా."

తుప్పు పట్టినవి మార్చి టైటస్ వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు గణేష్ మళ్లీ పడవ తోశాడు.

"గీతలు నిండుగా ఉండాయి పెద్దమ్మా!"

గురవమ్మ పడవ అంచు పట్టుకుంది. "గీతలు నాకు జెప్పబాకరా. వలేసే ముందు ఫోన్ చెయ్. నేను పలికితే ఎయ్. పలక్కపోతే ఎనక్కి రా."

"నువ్వు కునుకు తీస్తా ఉంటే?"

"నాకింకెక్కడి కునుకురా!"

ఒడ్డున ఉన్నవాళ్లంతా ఆ మాట విన్నారు. ఆ పొద్దు సముద్రం మీదున్న పడవలన్నీ ఆమెకే ఫోన్ చేశాయి. మోగిన ప్రతిసారీ, అవతల గొంతు వినకముందే, "ముఖేషా?" అంది.

కాదని ఎవరూ అనలేదు. తమ పేరు చెప్పి, వల వేసుకున్నారు.