పన్నెండో బొమ్మ

గోడకు పుట్టీ రాసే పట్టీ అంచును బొమ్మ మూల కిందికి దూర్చి పోచన్న మెల్లగా నెట్టాడు. కాగితం చివర పిసరంత చిరిగిందే గాని బొమ్మ గోడను వదల్లేదు. తడిగుడ్డ పెట్టి నానబెట్టి చూశాడు. వేడినీళ్లు అద్ది చూశాడు. పొద్దున ఆరింటి నుంచి ఇదే పని, ఇప్పుడు తొమ్మిది. మూడింటికి కంపెనీ బండి వచ్చి ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతుంది. ఇక ఈ హమ్రియా రూమ్‌కు తిరిగి రావడమంటూ లేదు.

తప్పెవరిదంటే ఆయనదే. తొమ్మిదేళ్లుగా మస్కట్‌లో టైల్స్ వేస్తున్న మేస్త్రి. తాను వేసిన టైల్ ఒక్కటైనా లేచిందని ఏ ఇంటివాడూ ఇంతవరకు కంపెనీకి ఫోన్ చేయలేదు. అలాంటివాడు బబుల్‌గమ్ ప్యాకెట్లలో వచ్చే క్రికెట్ బొమ్మలను మంచం పక్క గోడకు అంటించాలనుకుంటే, అందరిలా అన్నం మెతుకులతో అంటిస్తాడా? తెల్ల సిమెంటులో బంక కలిపాడు. దారం పట్టి గీత కొట్టాడు. వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు, బొమ్మకూ బొమ్మకూ నడుమ అగ్గిపుల్ల మందం సందు. పదకొండు బొమ్మలూ ఒక్క ఆటగాడివే. పై వరుసలో చివరి గడి మాత్రం ఖాళీ, ఆ బొమ్మ ఎంత వెతికినా దొరకలేదు.

ఆటగాడి పేరు సదానంద్. గొప్పవాడేం కాదు. ఏడో నంబరులో దిగేవాడు, దిగేసరికి ఓవర్లు అయిపోయేవి. పోచన్న వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం మలబారీ హోటల్ టీవీలో అతన్ని మొదటిసారి చూశాడు. కాలు బెణికిన బ్యాట్స్‌మన్ బదులు పరుగెత్తడానికి వచ్చాడు సదానంద్. కొట్టేది ఒకడు, ఉరికేది ఇతను. గెలిచాక అందరూ కొట్టినవాణ్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సదానంద్ ఒక పక్కన ప్యాడ్లు విప్పుకుంటూ తనలో తాను నవ్వుకున్నాడు. హోటలంతా ఇంకొకడి పేరు అరుస్తుంటే పోచన్న ఆ నవ్వునే చూస్తూ కూర్చున్నాడు. నాటి నుంచి ఆయన జేబులో ఎప్పుడూ బబుల్‌గమ్ ఉండేది. నమిలేది రూమ్‌లోవాళ్లు, బొమ్మ ఆయనది.

ఒకసారి గోడ ముందు నిలబడి దిగిన ఫోటో ఇంటికి పంపాడు. "నీ యెనుక ఉన్న పటాలు ఏ దేవునియి?" అని భార్య రాములవ్వ ఉత్తరం రాయించింది. "దేవుడు గాదు, పన్నెండూ నిండినంక తెచ్చి సూపిస్త" అని ఈయన జవాబు రాయించాడు. సెలవు మీద పోయినప్పుడల్లా ఆమె అడిగేది, నిండలేదని ఈయన దాటేసేవాడు. ఇప్పుడు దాటేయడానికి వీల్లేదు. మోకాళ్లు అరిగిపోయాయి. ఒంగి కూర్చోలేని మేస్త్రితో ఏం పని అని కంపెనీ వీసా క్యాన్సిల్ చేసింది.

"గోడనే పలగ్గొట్టుకొని తీస్కపోరాదే అన్నా," అన్నాడు పక్క మంచం మీద పడుకున్న సంజీవ్. జగిత్యాల వైపువాడు, ఎలక్ట్రీషియన్. ఇవాళ శుక్రవారం గనుక డ్యూటీ లేదు.

పోచన్న నవ్వలేదు. "ఇంటామెకు మాటిచ్చిన తమ్మీ. ఏం సూపియ్యాలె?"

కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. కట్టిన అట్టపెట్టెను మళ్లీ విప్పి చూశాడు, మళ్లీ కట్టాడు. పాస్‌పోర్టును జేబులోంచి తీసి బ్యాగులో, బ్యాగులోంచి తీసి జేబులో పెట్టాడు. చివరికి చెప్పులేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. బయట జూలై ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు.

సందు చివర షఫీ కొట్టు. షఫీది ప్రొద్దుటూరు. పోచన్నను చూడగానే ఎందుకొచ్చాడో తెలిసిపోయింది.

"ఆ బబుల్‌గమ్ములు రావడం నిలిచి రెండేండ్లాయ మేస్త్రీ. యాడ తెచ్చేది? ఈ పొద్దు పోతాండావంట గదా, కూచో, టీ తాగు."

పోచన్న బస్తా మీద కూర్చున్నాడు గాని చూపు కుదురుగా లేదు. ఎక్కడికి పోయినా ముందు నేల వాటం చూడడం ఆయన జబ్బు. ఈ కొట్టులో బల్ల కుడికి వాలి ఉంటుంది. దాని మీది కాటా తొమ్మిదేళ్లుగా టకటకలాడేది. ఇవాళ షఫీ చక్కెర తూచాడు, కాటా కదల్లేదు.

"కాటా కింద ఏం పెట్టినవ్ షఫీ?"

"ఏమో, పాత బబుల్‌గమ్ డబ్బా అడుగున ఏదో అట్టముక్క దొరికితే మడిచి తోసినా నిన్న."

పోచన్న లేచి కాటా ఎత్తాడు. మడిచిన అట్టముక్క విప్పితే నడుమ మడత, మీద కాటా కాలు నొక్కిన గుంట. ఆ గుంట పక్కన ప్యాడ్లు విప్పుకుంటూ సదానంద్. పోచన్న దాన్ని పట్టుకుని గుమ్మం దాకా పోయాడు. అయినా మేస్త్రి మేస్త్రే. బయటికి పోయి టైల్ పెంకు ఒకటి ఏరుకొచ్చి, కాటా కింద పెట్టి, వాటం చూసి మరీ కదిలాడు.

రూమ్‌లో సంజీవ్ బొమ్మ వెనక ఉన్న ఇంగ్లీషు చదివాడు. మిగతా పదకొండింటి వెనక ఏముందో సిమెంటుకే తెలియాలి.

"బెస్ట్ స్కోర్ నలభై ఒకటి అన్నా."

"గంతేనా?"

"గంతే."

పోచన్న బొమ్మను తిరిగి తీసుకున్నాడు. "మంచిగనే కొట్టిండు," అని బొమ్మను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఒక్కటైనా రాములవ్వకు చూపించవచ్చు. ప్రాణం కాస్త కుదుటపడింది.

మూడింటికి బండి వచ్చింది. సంజీవ్ అట్టపెట్టె ఎక్కించాడు. పోచన్న ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ వేసుకున్నాడు. జేబు తడుముకున్నాడు. డ్రైవర్ తాళంచెవి తిప్పుతుండగా దిగి, మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. పాస్‌పోర్టు మరిచాడేమోనని సంజీవ్ వెనకాల పరుగెత్తాడు.

చూస్తే పోచన్న టీ గ్లాసులో తెల్ల సిమెంటు కలుపుతున్నాడు.

"అన్నా, బండి ఆగదే."

"ఒక్క టైల్ తక్కువ పెట్టి ఇల్లు అప్పజెప్పిన్నా ఎన్నడన్న?" అన్నాడు పోచన్న తల తిప్పకుండా. వేలితో సిమెంటు పూశాడు. బొమ్మను ఖాళీ గడిలో ఆనించి అరచేత్తో ఒత్తాడు, నడుమ మడత చదునైంది. కింది సందులో అగ్గిపుల్లలు రెండు పెట్టాడు. ఒక కన్ను మూసి చూసి, వెంట్రుకవాసి పైకి జరిపాడు.

"మరి వదినెకు ఏం సూపిస్తవే?"

"సూపుడెందుకు? పక్కకు కూసోని చెప్త. ఇగ టైం ఉన్నది గద."

 తొమ్మిదేళ్లలో ఈ మనిషి భార్య పక్కన కూర్చున్న రోజులు ఎంత తక్కువో సంజీవ్‌కు తెలుసు.

"రేపటి దాక ముట్టకుండ్రి. ఎండినంక పుల్లలు తియ్యి," అని పోచన్న చేతులు కడుక్కున్నాడు. కింద హారన్ మోగింది. ఈసారి ఆయన వెనక్కి చూడలేదు, ఒక్కో మెట్టూ దిగి పోయాడు.

మర్నాడు సిమెంటు ఎండింది. వారానికి పోచన్న మంచం మీదికి ఇబ్రా ఊరి సైట్ నుంచి కొత్తవాడు వచ్చాడు. సంజీవ్ పుల్లలు తీద్దామని రెండు మూడుసార్లు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. పై వరుస చివరి బొమ్మ కింద ఎర్రతల అగ్గిపుల్లలు రెండు అట్లాగే ఉన్నాయి.