ఉప్పు దిగని మొద్దు

పోతమ్మ టబ్బు మీది రాయి ఎత్తి పక్కన పెట్టి, చేతులు మోచేతుల దాకా ముంచి మొద్దు ఒక కొసను పైకి లాగింది. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు. మొదట్లో కాఫీ డికాక్షన్‌లా ఉన్న నీళ్ళలో ఇప్పుడు టబ్బు అడుగు కనిపిస్తోంది. మొద్దును కొంగుతో తుడిచి, వేర్లు చీలిన చోట నాలుక ఆనించింది. కళ్ళు మూసుకుని చప్పరించి, ఉమ్మేసింది. చప్పగా ఉంది.

"ఉప్పు దిగిపోనాది," అనుకుంది పైకే.

తుఫాను వెళ్ళిన మర్నాడు భీమిలి ఒడ్డున దొరికిన సరుగుడు మొద్దు అది. ఇద్దరు మోస్తే గానీ ఆటో ఎక్కలేదు. బెరడు కత్తితో గీకింది. సందుల్లో ఇరుక్కున్న ఇసుక, గుల్లలు పుల్లతో కెలికి తీసింది. కొబ్బరిపీచుతో తోమి, పెద్ద అండాలో రెండుసార్లు ఉడకబెట్టి, టబ్బులో ముంచి, తేలకుండా పైన రాయి పెట్టింది. రోజూ పొద్దున్నే నీళ్ళు మార్చడం, నాకి చూడడం. ఇదంతా ఒక తాబేలు కోసం. అద్దాల తొట్టిలో దీపం కింద ఆ తాబేలమ్మగారు ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి సహజమైన కర్రే కావాలట. కర్రలో సముద్రపు ఉప్పు మిగిలితే తొట్టిలో మొక్కలు మాడతాయి, తాబేలు తిండి మానేస్తుంది. అందుకని ఉప్పు పోయిందో లేదో తేల్చాలి. తేల్చేది పోతమ్మ నాలుక.

త్రినాథరావు తన చేపల తొట్ల దుకాణంలో ఆరేళ్ళ కిందట ఆమెను పనిలో పెట్టుకున్నది ఆ నాలుకను చూసే. జాలారి పేటలో పుట్టిన మనిషి. ముప్పై ఏళ్ళు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని తగరపువలస సంతకు తిరిగింది. చేప తోక కొరికి, ఎన్ని ఎండలు ఎండిందో, ఉప్పు కొత్తదో పాతదో చెప్పేసేది. సంతలో తగువొస్తే పోతమ్మను పిలవండి అనేవారు. అందరికీ తలలో నాలుక. మొగుడు కోటి పోయాక, మోకాళ్ళు గంపను మోయలేమన్నాక, తొట్లు కడిగే పనికి వచ్చింది. ఇంటికెళ్ళి కోడలు రాణి ముందు చెయ్యి చాచకుండా బతకడానికి ఆమెకు ఉన్నది ఈ ఒక్క పనే.

మొద్దును మళ్ళీ ముంచి, గోడ కన్నంలోంచి చుట్ట తీసి ముట్టించింది. నిప్పున్న కొస నోట్లోకి తిప్పి పెదాలు బిగించింది. అడ్డపొగ. పన్నెండో ఏట తల్లి నేర్పింది. ఒడ్డు గాలికి చుట్ట ఆరకుండా ఉండాలంటే అదే దారి. నలభై ఎనిమిదేళ్ళుగా ఆమె అంగిలి ఒక పొయ్యి. ఆ పొయ్యిలో ఈ మధ్య తెల్లటి పొర కట్టి, పక్కనే పుండు లేచింది. మొదట కారం తగిలితే ప్రాణం పోయేది, తర్వాత మంట పోయింది. తగ్గిపోయిందని సంబరపడింది, పిచ్చిది. కూరలో ఉప్పు కషాయంలా ఉంటోందని రాణి వంట తన చేతిలోకి తీసుకుంటే, అదంతా పొయ్యి లాక్కునే ఎత్తనుకుంది. పదిరోజులుగా కోడలితో మాటల్లేవు.

త్రినాథరావు నిన్ననే పెన్నులాంటి మీటరు ఒకటి తెచ్చాడు. నీళ్ళలో ముంచితే ఉప్పెంతో అంకె చూపిస్తుందట. ఇదిగానీ తప్పు చెబితే కొట్లో తిరిగిచ్చేస్తాను, నువ్వు తప్పు చెబితే నిన్ను ఇంటికి పంపేస్తాను అని నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పినంత మాత్రాన ఆ మాట నవ్వులాట కాదని పోతమ్మకు తెలుసు.

పదకొండింటికి తాబేలు యజమాని వచ్చింది. డాక్టరు జ్యోతిర్మయి, పళ్ళ డాక్టరు. త్రినాథరావు ఆమె ఎదుట టబ్బులో మీటరు ముంచాడు. అంకె చూసి పెదవి విరిచాడు. ఉప్పు దండిగా ఉందన్నాడు.

"ఆ పెన్నుకేటి తెలుస్తాది బాబూ. నాను నాకి సూసినాను. ఉప్పు నేదు," అంది పోతమ్మ.

సరే తేల్చేద్దాం అన్నాడతను. తొట్లకు పైపులు బిగించే వాసును పిలిచి, ఫోన్లో వీడియో తియ్యమన్నాడు. కౌంటరు వెనక ఉప్పు కలిపిన గ్లాసు తెచ్చి ఇచ్చాడు. పోతమ్మ గుక్కెడు తాగి, చప్పగా ఉందంది. వాసు కిసుక్కున నవ్వాడు. త్రినాథరావు ఉప్పు ఇంకాస్త కలిపి ఇంకో గ్లాసు ఇచ్చాడు. అదీ చప్పగానే ఉందంది. వాసు మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వుతో ఆమెకు రాణి గుర్తొచ్చింది. కూరలో ఉప్పెక్కువన్న కోడలు అబద్ధం చెప్పలేదు.

మూడోసారి త్రినాథరావు ఆమె కళ్ళ ముందే గుప్పెడు తెల్లటి పొడి గ్లాసులో పోసి కలిపాడు. సగం కరగక అడుగున నిలిచింది. కళ్ళైనా ఉన్నాయి కదా అనుకుంది పోతమ్మ. ఒక్క గుక్క తాగి, ముఖం వికారంగా పెట్టింది.

"బాబోయ్, ఉప్పు కషాయం," అంది.

"పంచదార, పోతమ్మా!"

వాసుకు ఈసారి నవ్వు రాలేదు, ఫోను దించేశాడు. త్రినాథరావు మాత్రం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పోతమ్మ కూడా నవ్వబోయింది. అతనితో పాటు నవ్వితే పని నిలబడుతుందేమోనని.

డాక్టరు నవ్వలేదు. నోరు తెరవమని, ఫోన్ లైటు లోపలికి వేసింది. ఒకరు తన నోట్లోకి అంత శ్రద్ధగా చూడడం పోతమ్మ జీవితంలో అదే మొదలు. లైటు ఆర్పేసి, జ్యోతిర్మయి త్రినాథరావు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. ఆ పుండు మంచిది కాదు, ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఇప్పటికే ఆలస్యమైంది, ఈ వారంలోనే పెద్దాసుపత్రికి పంపండి అని. తర్వాత తెలుగులోకి వచ్చింది.

"ఈ నోటితోనా నా తాబేలు కర్రని రోజూ నాకించారు?"

పోతమ్మకు అర్థమైంది ఆ ఒక్క మాటే. డాక్టరు చేతులు కడుక్కుని కారెక్కాక అడిగింది.

"ఏటన్నారు బాబూ, మేడంగారు?"

ఆసుపత్రి మాట చెబితే తీసుకెళ్ళే బాధ్యత తన మెడకు చుట్టుకుంటుందని త్రినాథరావుకు తోచింది.

"చుట్ట మానెయ్యమన్నారు. నువ్వు రేపట్నుంచి రాకు," అన్నాడు.

పోతమ్మ టబ్బులో పాతనీళ్ళు పారబోసి, కొత్తవి నింపి, మొద్దు ముంచి పైన రాయి పెట్టింది. మొద్దు మీద చెయ్యి కాసేపు ఉంచింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నాలుగు నెలలకు, ఉప్పు పోయిందని మీటరు ఒప్పుకుంది. మొద్దు కోసం వచ్చిన జ్యోతిర్మయి ఆ ముసలామె ఎలా ఉందని అడిగింది. పోయిందటండీ, పోయిన వారమే అన్నాడు త్రినాథరావు. ఆసుపత్రికి పంపలేదా అంటే, చెప్పానండీ, వాళ్ళు వింటారా అన్నాడు. డాక్టరు తలాడించి, నాకిన మొద్దు కదా, ఇంకోసారి ఉడికించి ఇమ్మంది.

వాసు టబ్బు బోర్లించి కడిగాడు. దాని పైన గోడ కన్నంలో సగం కాలిన చుట్ట ఒకటి ఉంది, నిప్పు కొస లోపలికి పెట్టి.