ఆరో చరణం

తొరపాడి లోకనాథం పంతులు ఒక తప్పైనా పట్టనిదే ముద్ద మింగడని వేలూరంతా చెప్పుకునేది. అబద్ధమేం కాదులే. పిలవను వచ్చినోళ్ల పెండ్లిపత్రికను కూడా దిద్ది చేతికిచ్చి పంపిన మనిషి. అట్లాంటోడికి మద్రాసు నుంచి ఆ కాగితాల కట్ట వచ్చిందంటే ఇంకేముంది, పండగే.

మద్రాసులో కొందరు పెద్దలు చేరి తెలుగులో విజ్ఞాన సర్వస్వం అచ్చు వేయాలని పూనుకున్నారు. వచ్చిన వ్యాసాన్నల్లా ఆ సంగతి తెలిసిన ఒకరికి పంపి, ఇది మొదటి రకమా, రెండో రకమా, పక్కన పడేయాల్సిందా అని రాయించుకుంటారు. పరీక్ష చేసినవాళ్లు కింద తమ పేరు రాసి సంతకం పెట్టాల. ఆ సంతకం లేనిది అచ్చుకు పోదు.

ఈసారి వచ్చింది తిమ్మదాసు జీవితచరిత్ర. మూడున్నర నూర్ల ఏండ్ల కిందట వేలూరు కోటలో పాడి, ముసలితనంలో గుడియాత్తం చేరి, అక్కడే కన్నుమూసిన పాటగాడు. గుడియాత్తం నేతవీధిలో ఇప్పటికీ ఆయన పాట లేకుండా శనివారం భజన జరగదు. లోకనాథం పుట్టింది ఆ వీధిలోనే కాబట్టి కట్ట ఆయనకు వచ్చింది. రాసినాయన వెంకటాద్రి. బియ్యే చదివి, ఎండనక వాననక ఊరూరా తిరిగి పాటలు రాసుకున్నవాడు.

పంతులు ఎర్రసిరా ముందర పెట్టుకుని కూర్చున్నాడు. కోటకు దక్షిణాన పాలారు పారుతాదని రాసిన చోట, ఉత్తరాన అని దిద్దినాడు. రెండుచోట్ల ఏండ్లు తప్పితే గీత కొట్టినాడు. మొత్తం మీద బాగానే రాసినాడే అనుకుంటా ఏడో పేజీ తిప్పినాడు. చేయి ఆడ్నే నిలిచిపోయింది.

దాసుకు అమ్మణి అని ఒక్కతే కూతురంట. ఐదేండ్ల బిడ్డను గుడియాత్తం ఏరు కొట్టుకుని పోయిందంట. దాసు పదకొండు దినాలు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఏటిగట్టున కూర్చుని ఏడ్చి, ఆ దుఃఖంలో ఒక పాట కట్టినాడంట. ఈ వ్యాసానికి ప్రాణం ఆ పాటే అని వెంకటాద్రి రాసి, పాట మొత్తం కింద ఇచ్చినాడు.

దాసుకు కూతురు ఉందో లేదో ఆ దేవుడికే ఎరుక. అమ్మణి మాత్రం లోకనాథం కూతురు. ఆ పాట కట్టింది ఆయన పెండ్లాం కమలమ్మ.

ఇది ఎట్లా జరిగిందంటే, ఆ వీధి వాడుక అట్లాంటిది. కొత్త పాట ఎవురు కట్టినా సరే, కడపటి చరణంలో తిమ్మదాసు పేరే పెట్టాల. సొంత పేరు పెట్టినోడిని తలపొగరు అంటారు, వాడి పాట జన్మకు పాడరు. కమలమ్మకు తెలుగు నోటినిండా వస్తాది గానీ ఒక్క అక్షరం రాదు. బిడ్డ పోయిన మరుసటేడు మగ్గం కాడ కూర్చునే పాట కట్టి, దాసు పేరు చేర్చి భజనలో పాడింది. కట్టింది తానని ఎవురికీ చెప్పలేదు, ఎవురూ అడగలేదు. పదమూడేండ్లలో అది పాతపాటల్లో పాతపాట అయిపోయింది.

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. "ఈ పాటలో ఆరో చరణమొకటి ఊరివారు పాడుదురు. తండ్రి రాలేదని అందులో ఉన్నది. దాసు వంటివాడు కన్నబిడ్డ కొరకు రాకుండునా? ఇది పిమ్మట ఎవరో చేర్చినదని తోచి విడిచిపెట్టితిమి."

లోకనాథం ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివినాడో లెక్క లేదు. పాట తన పెండ్లానిదని ఆయనకు ముందే తెలుసు. ఆమె గొణుక్కుంటా ఉంటే రెండు మూడు చరణాలు చెవిన పడినాయి. ఆరో చరణం ఒకటి ఉందని మాత్రం తెలియదు. ఆయన ముందర ఆమె దాన్ని పాడనే లేదు, బిడ్డ పోయినాక ఆయన ఆ భజనకు పోనూలేదు.

ఆ రోజుల్లో ఆయన ఒక్కడే వేలూరు బడిలో ఉండేవాడు, తల్లీబిడ్డా గుడియాత్తంలో. శుక్రవారం వస్తాను, ఇద్దరినీ పిలుచుకుని పోతాను అని చెప్పినాడు. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడని బడిలో ఆపేస్తే నిలిచిపోయినాడు. శనివారం ఏరు వచ్చింది. నాయన వస్తాడని బిడ్డ దోవ చూసేదానికి పరిగెత్తింది ఏటిగట్టుకే. ఆదివారం పొద్దున్నే బిడ్డ పోయిందని తంతి చేతికందింది. అయినా సోమవారం తలపాగా చుట్టుకుని, ఇన్‌స్పెక్టరు ముందర నిలబడి పద్యం చెప్పించి, మెప్పు పొంది, మంగళవారం పోయినాడు. రైలుదారి తెగిపోయిందని అందరికీ చెప్పినాడు. కమలమ్మ అక్క పాపాతి ఆదివారమే కాట్పాడి నుంచి అదే దారిన రైల్లో వచ్చి దిగిన సంగతి ఆయనకు తర్వాత తెలిసింది. ఆ అబద్ధం గురించి కమలమ్మ ఇంతవరకు నోరు తెరవలేదు. తిట్టి ఉంటే బాగుండు అని ఆయన అనుకోని రోజు లేదు.

పెరటాసి నెల శనివారాలు కమలమ్మ భజనకు గుడియాత్తం పోతాది. ఆ శనివారం ఆయన కూడా బయలుదేరినాడు. ఆధారాలు చూడాల అన్నాడు. ఆమె సరే అనింది, అంతే.

భజన నడిపించే కన్నప్పను పక్కకు పిలిచి, ఆ పాట దాసుదే అని రుజువు ఏమని అడిగినాడు. ముసలాయనకు రోషం వచ్చింది. మా తాత పాడంగా ఈ చెవులతో విన్నాను, పంతులకు చదువు ఎక్కువై మతి చెడిందా అన్నాడు. దాసుది కాదని ఎవుడైనా తేలిస్తే ఆ పొద్దే మానేస్తాము, పరాయి పాట మా భజనలో ఎందుకు అని కూడా అనేసినాడు. ఆ తాత పోయి నలభై ఏండ్లు. అయినా ముసలాయన అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగా విన్నాననే నమ్ముతా ఉండాడు.

మధ్యాన్నం మూడు గంటలకు భజన ఎత్తుకున్నారు. అమ్మణి పాట వచ్చేసరికి ఆడవాళ్లందరూ కొంగు నోటికి పెట్టుకున్నారు. ఆ వీధిలో బిడ్డ పోని ఇల్లు తక్కువ. ఐదు చరణాలు అయినాయి. ఆరోది నలభై గొంతులు ఒక్కటై అందుకున్నాయి.

"ఎర్రనీళ్లు వచ్చెనమ్మణీ, ఏరు నిండ వచ్చెను
వస్తనన్న నీ తండ్రి, వాడు మాత్రం రాలేదు."

లోకనాథం తల వంచుకున్నాడు. ఎవురూ తన పక్క చూడలేదు. చూసేదానికి వాళ్లకేం తెలుసు? పదమూడేండ్లుగా ఏటేటా ఊరు ఊరంతా తనను పేరు పెట్టకుండా అడగతానే ఉందని ఆ పొద్దు తెలిసింది. పాట ముగియకనే లేచి బయటికి వచ్చేసినాడు.

బావమరిది ఇంటి అరుగుమీద కాగితాలు ముందరేసుకుని కూర్చున్నాడు. కమలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏం రాసినారో చదవండి అనింది. ఆయన మొదటినుంచి చదివినాడు. పదకొండు దినాల వాక్యం కాడికి వచ్చేసరికి ఆమె తల తిప్పి ఆయన మొగం చూసింది. చిన్నక్షరాల మాట కూడా దాచకుండా చదివినాడు.

ఇది దాసు పాట కాదని రాస్తాను, కట్టింది నువ్వేనని నీ పేరు పెట్టమంటాను, ఉన్నదున్నట్టు చెప్పేది నా పని అన్నాడు. అంటా ఉండంగానే ఆయనకే తెలుసు, ఆ మాటకు బలం లేదని. నిజం రాస్తే వచ్చే శనివారానికి ఆ పాట ఉండదు. రాయకుంటే పుట్టి బుద్ధెరిగినాక తెలిసి తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే అవుతాది.

కమలమ్మ కాగితాలు ఆయన చేతిలోంచి తీసి అరుగుమీద పెట్టింది.

"నా పేరు వద్దు," అనింది. "దాసు పేరుమీద ఉంటేనే నా బిడ్డను పాడతారు. పాట ఆయన్దే అని ఉండనీండి. ఆ పదకొండు దినాల మాట మాత్రం కొట్టేయండి. ఆ తండ్రి రాలేదు. ఆరో చరణం దాని చోట దాన్ని పెట్టమనండి."

"దాసుకు చెడ్డపేరు కదా కమలా. ఆయన ఏం పాపం చేసినాడు?"

"దాసు మోస్తాడు. ఇన్నేండ్లూ మోసింది ఆయనే కదా."

లోకనాథం ఎర్రసిరా బుడ్డి తీసినాడు. పదకొండు దినాల వాక్యం మీద అడ్డంగా గీత గీసినాడు. పక్కన తన గుండ్రటి అక్షరాలతో రాసినాడు: "తండ్రి ఏటిగట్టున ఉండెననుటకు ఆధారము లేదు. రాలేదనుటకు పాటయే సాక్ష్యము. ఆరవ చరణము తర్వాత చేర్చినది కాదు. దానిని విడువరాదు. మిగిలినది సరిగా నున్నది. మొదటి రకము." సరిగా నున్నది అనే కాడ కలం రెండుసార్లు ఆగింది.

ఆమె అదంతా చదివించుకుని వినింది. కాగితం మీద వేలు ఆనించి, అడుగున ఖాళీగా ఉన్న చోటు చూపించింది.

"ఈడ ఏం రాయాల?"

"పరీక్ష చేసినవాళ్ల పేరు."

"ఎవురి పేరు?"

"నాదే."

"అయితే పెట్టండి," అనింది కమలమ్మ. "దాసుది కాదు, మీదే."

ఆయన పూర్తి పేరు రాసి, కింద సంతకం పెట్టినాడు. సిరా ఆరేవరకు ఆమె ఆ కాగితం అంచు పట్టుకునే కూర్చుంది.