ఆరో పడవ

ఉప్పాడ ఎలిమెంటరీ బడిలో కంప్యూటరు గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయటే విడవాలి. పిల్లలైనా, జయపాల్ మాస్టారైనా, చూడ్డానికొచ్చిన ఊరి జనమైనా అంతే. ఆ పెట్టె కాకినాడ బస్సు మీంచి దిగిన రోజు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, ఇసకలో పరిగెత్తి, బల్ల మీద పెట్టింది బడి బంట్రోతుని నేనే. దారిలో అడ్డొచ్చిన అల నన్ను చూసి వెనక్కి తగ్గింది. నమ్మనివాళ్ళు ఆ అలనే అడగండి.

ఆడవాళ్ళు ఊరుకుంటారా? కొత్త తెప్పని నీళ్ళలోకి దించేటప్పుడు చేసినట్టే తెరకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇది తెప్ప కాదమ్మా, పాఠాలు చెప్పే మిషను అని మాస్టారు మొత్తుకున్నా వినలేదు.

పాఠాల సీడీలో ఓ చిలక ఉండేది. బొమ్మ చూపించి ప్రశ్న వేసేది. పిల్లలు మౌసుతో జవాబు నొక్కాలి. ఒప్పయితే రెక్కలు కొట్టేది. తప్పయితే "మళ్ళీ ప్రయత్నించు" అనేది, పై పాఠంలోకి పోనిచ్చేది కాదు. పిల్లలంతా చకచకా దాటేశారు. మూడో తరగతి పావని మాత్రం "సముద్రంలో పడవలెన్ని?" దగ్గరే ఆగిపోయింది.

చిలక లెక్క ఐదు. పావని లెక్క ఆరు. ఆ ఆరోది, చేపల వేటకెళ్ళి తుపానులో చిక్కి తిరిగిరాని వాళ్ళ నాన్న పల్లంరాజు తెప్ప. పావని బల్ల ముందు కూర్చున్నప్పుడే వచ్చేది. పక్కనున్న అందరికీ కనపడేది. మిగతా పడవలు కదలకుండా నిలబడితే అదొక్కటే అలకి ఊగేది. పల్లంరాజు అందులో కూర్చుని, చిరిగిన వల కుట్టుకుంటూ ఉండేవాడు.

సాయంత్రాలు సూరమ్మ చేపల బుట్ట గుమ్మంలో దించి, కూతురి వెనక నిలబడి మొగుణ్ణి చూసుకునేది.

"తలకి గుడ్డ చుట్టుకోవయ్యా, మంచు పడతంది."

మర్నాడు చూస్తే తలకి గుడ్డ ఉండేది.

ఆ ఏడాది సముద్రం ఇంకో వరస ఇళ్ళని మింగింది. సూరమ్మ ఇల్లూ పోయింది. వేసవి సెలవుల ముందు ఓ రోజు ఆవిడ మాస్టారితో అంది:

"పిల్లని రొయ్యల షెడ్డులో పనికి వేసేస్తానండి. ఏడాదంతా ఒకే లెక్క దగ్గర కూచుంది. దీనికింక చదువేం వస్తదండి?"

"నీకూ ఆరే కదమ్మా కనపడేది?"

"నాకూ ఆరేనండి. మిషను ఒప్పుకోవద్దా?"

మాస్టారు పావని పక్కన గొంతుక్కూర్చున్నారు. "ఈ ఒక్కసారికి ఐదు నొక్కెయ్ తల్లీ. నా మాట విను."

"నాన్నని లెక్కెట్టొద్దా అండి?"

నేను కేకేస్తే పక్కూరు కోనపాపపేట నుంచి పడవలు వెనక్కి తిరిగొచ్చేవి. ఆ పూట మాత్రం వంగి, బల్ల మీద లేని దుమ్ము తుడిచాను.

సూరమ్మ తెర మీదకి వంగింది. "ఏమయ్యా, నిన్నే. నువ్వక్కడ కూచున్నంతకాలం పిల్ల తప్పుతానే ఉంటది. రేపట్నుంచి దాని చేతులు ఐసులో నానతాయి. నీ ఇష్టం మరి."

పల్లంరాజు కుట్టడం ఆపాడు. వల మడిచి పక్కన పెట్టాడు. పావని వంక చాలాసేపు చూశాడు. తర్వాత తెడ్డు అందుకున్నాడు. తెప్ప మెల్లగా తెర అంచువైపు తిరిగింది.

"నాన్నా, ఎక్క..."

సూరమ్మ గబుక్కున పిల్ల నోరు మూసింది. "వేటకెళ్ళేవాళ్ళని ఎక్కడికని అడక్కూడదమ్మా."

తెప్ప ముందు సగం కనపడకుండా పోయింది, తర్వాత పల్లంరాజు భుజం, చివరికి తెడ్డు. చిలక మళ్ళీ అదే ప్రశ్న వేసింది. పావని కళ్ళు తుడుచుకుని, ఒక్కో పడవ మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. ఐదు నొక్కింది. చిలక రెక్కలు కొట్టింది. గదిలో ఇంకెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ పిల్ల ఆనాడే కాదు, ఏనాడూ రొయ్యల షెడ్డు గుమ్మం తొక్కలేదు. సూరమ్మ మాత్రం ఆ సాయంత్రం చెప్పులు గుమ్మంలోనే మర్చిపోయి, తడి ఇసకలో వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళింది.

లోపల కొత్త పాఠం తెరుచుకుంది. "ఆరులోంచి ఒకటి తీసేస్తే..." అని చిలక మొదలెట్టింది.

అది ముగించేలోపే పావని జవాబు నొక్కేసింది.