చీటీ మారిన పెన్నీ

1974 నవంబరు పద్నాలుగు, సాయంత్రం నాలుగూ పది. మంచు కలిసిన సన్నటి వాన. నేలమాళిగ ఊచల కిటికీలోంచి దారిన పోయేవారి బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

మా మ్యూజియం నాణేల గదికి ఒక నియమం ఉండేది. అరలు తెరిచాక తలుపుకు బయటినుంచి తాళం వేస్తారు. ప్రతి నాణెమూ, దొరికిన చోటూ బరువూ రాసిన తన చీటీ మీదే ఉన్నదని లోపలి ఇద్దరూ రిజిస్టరులో సంతకం చేస్తేనే తీస్తారు. ఆ రోజు లోపల నేనూ, నాకీ విద్య నేర్పిన థర్ల్‌బీ గారూ ఉన్నాం. పొలంలో కుండతో దొరికిన రెండువందల వెండి పెన్నీల మీద ఆయన ఇరవై ఏళ్ళు రాసిన పుస్తకం మరునాడు అచ్చుకు వెళ్ళాలి.

పెన్నీలన్నిటి మీదా హెన్రీ రాజు పేరే. ఆయన పోయి, కొడుకులిద్దరూ ఒకరి తర్వాత ఒకరు రాజులైనా నాణెం మీద పేరు మారలేదు. కనుక కాలం తేల్చేది పేరు కాదు, బొమ్మలోని జుట్టు.

“ఏనాటి రాజుకో క్షౌరం చేస్తూ బతుకుతున్నాం, అమ్మాయ్” అనేవారాయన.

కుండలోని ఒకే ఒక్క నాణెంలో జుట్టు వంకీల నడుమ చుక్కలున్నాయి. అది 1205 తర్వాతి అచ్చు. కుండను పాతిపెట్టింది ఆ తర్వాతేనన్న పుస్తకవాదమంతా దానిమీదే నిలిచింది.

దానిని తూచాను. చీటీ మీద 1.31 గ్రాములు, త్రాసులో 1.42. పక్క అరలో, ఏటి ఒడ్డున విడిగా దొరికిన పెన్నీకి సరిగ్గా తిరగబడిన అంకెలు. ఎన్నడో తూచి తిరిగి పెట్టేటప్పుడు ఆయన చేతిలోనే రెండూ చీటీలు మారాయి. అంటే చుక్కల నాణెం అసలు కుండలోది కానే కాదు.

ఆ సంగతి చెప్పాను. ఆయన త్రాసును పక్కకు జరిపారు. పుస్తకానికి బొమ్మలన్నీ గీసిన తన భార్యకు చూపు పోతున్నదనీ, అచ్చు ఆగి ఈ చలికాలం దాటితే ఆమె దానిని చూడలేదనీ అన్నారు.

“తప్పని తెలిశాక సంతకం ఎలా పెట్టమంటారు సార్?”

“తలుపు తీయాలంటే రెండు సంతకాలు కావాలి, ఎడ్నా. నాది అయిపోయింది.”

ఐదింటికి తాళాలవాడు వెళ్ళిపోతాడు. నేను రెండు నాణేలనూ వాటి వాటి చీటీల మీదికి మార్చాను. అప్పుడు సంతకం చేశాను. నేను సంతకం పెట్టింది నిజానికే. ఆయన చూస్తూనే ఉన్నారు. పుస్తకం పాత బొమ్మలతో, పాత వాదంతోనే వెలువడింది.

1993లో ఆ అరలను పుస్తకంతో పోల్చినవారు రెండు నాణేలు తారుమారైనట్టు గుర్తించారు. చీటీల మీది బరువులను రాతపొరపాట్లనుకున్నారు. థర్ల్‌బీ గారు అప్పటికి లేరు. రిజిస్టరులో ఆ అరలకు చివరి సంతకం నాది. నాణేలను పుస్తకం ప్రకారం సర్ది, మార్చినది నేనని నమోదు చేశారు.

అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.